పైపు కాలుస్తూ దాటిపోయినవాడు

మా ఊరు అమరావతి. రాజధాని కాదు, రాజధానికి పేరిచ్చిన పాత ఊరు. అమరలింగేశ్వరస్వామి గుడి, స్తూపం, ధ్యానబుద్ధుడు, పక్కనే కృష్ణ. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి ధరణికోట వైపు వెళ్ళినా, పెదకూరపాడు వైపు వెళ్ళినా రోడ్డు చాలావరకు చదునే. అటూ ఇటూ మిరప, పత్తి చేలు. అందుకే సైకిల్‌కి గేర్లు ఎందుకు పెడతారో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. మా తాతయ్యది పాత నల్ల సైకిల్. ఒకటే గేరు, బండెడు బరువు. దాని మీద ఎక్కడికైనా వెళ్ళగలనని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మొన్న దసరా సెలవుల్లో కొండవీడు ఘాట్ రోడ్డు మీద పోయింది. ముగ్గురం వెళ్ళాం. మిగతా ఇద్దరివీ గేర్ల సైకిళ్ళు. కింద నుంచే వాళ్ళని ఏడిపించడం మొదలుపెట్టాను, గేర్లు వేసుకుని ఎక్కితే అదేం గొప్ప అని. మొదటి మలుపు లేచి నిలబడి తొక్కాను. రెండో మలుపు కూడా. ఆ తర్వాత ఐదు చోట్ల దిగాను. పైకి చేరేసరికి వాళ్ళు టిఫిన్ తినేసి ఫొటోలు దిగుతున్నారు. కుడి మోకాలు వారం రోజులు మెట్లెక్కనివ్వలేదు.

ఇంటికొచ్చాక ఆ వారం మంచం మీద కూర్చుని గేర్ల లెక్క చదివాను. చదువుతుంటే ఎక్కడ చూసినా ఒక ఫ్రెంచాయన పేరు ఎదురైంది. సైకిల్ ప్రపంచంలో ఆయన చాలా పెద్ద పేరు, మన దగ్గర మాత్రం ఎవరికీ తెలిసినట్టు లేదు. ఈ నెల మన పత్రికకి ఏదో ఒకటి రాయమని సీనియర్లు వెంటపడుతున్నారు కాబట్టి ఆయన గురించే రాస్తున్నా.

ఆయన అసలు పేరు పాల్ ద వీవీ. 1853లో దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ప్రోవాన్స్ ప్రాంతం అది, ఎండ ఎక్కువ, ద్రాక్షతోటలు, రాతి ఇళ్ళు. పెద్దయ్యాక ఉత్తరానికి, సెంట్ ఎటియెన్ అనే పట్నానికి వెళ్ళి పట్టు వ్యాపారంలో స్థిరపడ్డారు. ఆ పట్నం అప్పట్లో బొగ్గుగనులకి, తుపాకులకి, పట్టు రిబ్బన్లకి ప్రసిద్ధి. ముప్పై ఏళ్ళు నిండేలోపే సొంత వ్యాపారం, చేతినిండా డబ్బు. కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే మనకి ఆయనతో పనే లేదు.

1881లో ఆయన సైకిల్ కొన్నారు. మనం అనుకునే సైకిల్ కాదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనకది చిన్నది. సర్కస్‌లోనో పాత ఫొటోల్లోనో చూసుంటారు. దానికి చైన్ ఉండదు, పెడల్స్ నేరుగా ముందు చక్రానికే ఉంటాయి. కాబట్టి ఎంత పెద్ద చక్రమైతే అంత వేగం. రాయి తగిలితే మాత్రం మనిషి తలకిందులుగా ముందుకి ఎగిరిపడతాడు. ఆరు గంటల్లో వంద కిలోమీటర్లు వెళ్ళలేవని ఒక స్నేహితుడు పందెం కాశాడట. ఈయన లా షేజ్ ద్యూ అనే కొండ మీది ఊరి వైపు బయల్దేరారు. పందెం సంగతి ఎలా ఉన్నా ఆ దారి ఆయన్ని మార్చేసిందని అందరూ రాస్తారు. పచ్చిక బయళ్ళు, అడవి అంచులు, గంటకో పల్లె, ఎవరి మీదా ఆధారపడకుండా తన కాళ్ళతో తాను అక్కడిదాకా రావడం. రైలు కిటికీలోంచి ఇవేవీ ఆయనకి కనిపించలేదు మరి.

ఆ తర్వాత ఆయనకి పట్టు మీద మనసు నిలవలేదు. అప్పట్లో మంచి సైకిళ్ళన్నీ ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ పట్నంలో తయారయ్యేవి. 1885లో అక్కడే స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైన్‌తో వెనక చక్రం తిరిగే రోవర్ సైకిల్ తెచ్చాడు. మా తాతయ్య సైకిల్ దానికి మునిమనవడు అనుకోవచ్చు. వీవీ గారు ఇంగ్లీషు సైకిళ్ళు తెప్పించి అమ్మడం మొదలుపెట్టారు. పట్టు వ్యాపారం వదిలేసి సైకిల్ దుకాణం పెట్టారు. 1887లో ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. కొద్దికాలానికే దాని పేరు ల సిక్లిస్ట్ అయింది, అంటే సైక్లిస్ట్ అనే. అందులో వెలోసియో అనే కలం పేరుతో రాసేవారు. చివరికి ఆ పేరే మిగిలింది, అసలు పేరు చాలామంది మర్చిపోయారు.

బాగా నడిచే వ్యాపారం వదిలి పత్రిక పెట్టడం గురించి మా రూమ్‌లో పెద్ద చర్చే జరిగింది. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఇలాంటి కథ చెబితే ఎవడైనా తిడతాడు. నిజానికి ఆయనకి దాని వల్ల డబ్బేమీ రాలేదు. చివరిదాకా సాదాసీదాగానే బతికారు. కాబట్టి నీకు నచ్చింది చెయ్యి, డబ్బు దానంతటదే వస్తుంది అనే రకం కథ కాదిది.

ఇప్పుడు అసలు కొండ దగ్గరికొద్దాం.

సెంట్ ఎటియెన్ నుంచి దక్షిణంగా పట్నం దాటగానే దారి ఎక్కుతుంది. పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఎక్కుతూనే ఉంటుంది. పైన కనుమ ఎత్తు 1161 మీటర్లు. దానికి రెండు పేర్లు. ఒకటి కోల్ ద లా రెపుబ్లిక్, అంటే రిపబ్లిక్ కనుమ. రెండోది గ్రాన్ బువా, అంటే పెద్ద అడవి. రెండో పేరే దానికి సరిపోతుంది. పైకి వెళ్ళేకొద్దీ దారికి రెండు పక్కలా నిటారుగా ఫర్ చెట్లు, క్రిస్మస్ చెట్టు అంటామే ఆ జాతి. ఈ పీలా కొండలు ఆల్ప్స్‌లా భయపెట్టేవి కావు. వాలు మరీ నిలువుగా ఉండదు, అలా అని వదలదు కూడా. పైన కనుమ దాటితే అవతల బూర్గ్ అర్జాంతాల్ అనే ఊరి మీదుగా కిందికి జారుతూ రోన్ నది లోయలోకి వెళ్ళిపోవచ్చు. అంటే ఇటు బొగ్గు పొగల పట్నం, అటు ద్రాక్షతోటల ఎండ, మధ్యలో ఈ అడవి. వెలోసియోకి ఇది రోజువారీ దారి లాంటిది. ఆ రోడ్డు ఆయన వందలసార్లు ఎక్కి ఉంటారు.

1889లో ఒకరోజు ఇదే దారిలో ఎక్కుతున్నారట. వెనక నుంచి ఒకతను వచ్చి దాటిపోయాడు. దాటింది ఎవరో పోటీదారుడైతే ఆయన పట్టించుకునేవారు కాదేమో. దాటినవాడు ఆయన పత్రిక చదివే మామూలు పాఠకుడు. పైగా నోట్లో పైపు. తీరిగ్గా పొగ వదులుతూ వెళ్ళిపోయాడు.

కొండవీడు తర్వాత ఆ క్షణం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కానీ నేను చేసింది పళ్ళు కొరుక్కుని ఇంకా గట్టిగా తొక్కడం, మోకాలు చెడగొట్టుకోవడం. ఆయన చేసింది వేరు. ఇంటికెళ్ళి ఆలోచించారు. వేగంగా వెళ్ళాలంటే పెద్ద గేరు కావాలి. పెద్ద గేరు పెడితే నిలువు మలుపులు ఎక్కలేం. చిన్న గేరు పెడితే కొండ ఎక్కుతాం, కానీ చదునులో కాళ్ళు గిరగిరా తిరుగుతాయి తప్ప బండి కదలదు. మనిషికి ఉన్న శక్తి ఒకటే, దారి మాత్రం మారుతూ ఉంటుంది. మరి దారితోపాటు మారాల్సింది మనిషా, సైకిలా?

మన బ్రాంచి వాళ్ళకి నచ్చేలా లెక్క చెప్తా. మా తాతయ్య సైకిల్‌కి ముందు చైన్‌వీల్ పళ్ళు లెక్కపెట్టాను, 44. వెనక ఫ్రీవీల్‌కి 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కాబట్టి ఒక్క పెడల్ చుట్టుకి బండి దాదాపు ఐదున్నర మీటర్లు వెళ్తుంది. పెదకూరపాడు రోడ్డు మీద ఇది హాయిగా ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద మాత్రం ఒక్క చుట్టులో ఐదున్నర మీటర్ల కొండని లాగాలి. అదే వెనక పళ్ళు ఎక్కువా, ముందు తక్కువా ఉంటే ఒక చుట్టుకి రెండున్నర మీటర్లే వెళ్తాం. ఎక్కువసార్లు తిప్పాలి, కానీ ప్రతి తిప్పూ తేలిక. ఎక్కే ఎత్తు మారదు. చేసే పని మొత్తం అంతే, ఒకేసారి ఎంత మొయ్యాలన్నదే మారుతుంది. పెద్ద మూటని రెండు ట్రిప్పులుగా మోసినట్టు.

వెలోసియో మొదట చేసింది చాలా మొరటు ఏర్పాటు. ముందు ఒకటి కాకుండా రెండు చైన్‌వీల్స్ పెట్టారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొండ రాగానే దిగి, చైన్‌ని చేత్తో ఎత్తి ఒకదాని మీంచి ఇంకోదాని మీద వెయ్యాలి. వేళ్ళ నిండా నూనె మరకలు. తర్వాత సైకిల్‌కి రెండు వైపులా రెండు చైన్లు పెట్టి నాలుగు గేర్లు సాధించారు. అలా ఏళ్ళ తరబడి ప్రయోగాలు. తను తయారు చెయ్యడమే కాదు, ఇంగ్లండ్‌లోనో ఇంకెక్కడో ఎవరైనా కొత్త ఏర్పాటు చేశారని తెలిస్తే తెప్పించి, తొక్కి చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని తన పత్రికలో రాసేవారు. ఆ పట్నంలోని చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్ళు అవి చదివి, తొక్కేవాళ్ళతో మాట్లాడి, మార్చి మార్చి చేశారు. ఇప్పుడు మన సైకిళ్ళలో చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి తోసే డిరైలర్ అలా చాలామంది చేతుల్లో పెరిగింది. ఒక్కడే కనిపెట్టాడని చెప్పడం తప్పు. ఇప్పుడైతే దీన్ని ఓపెన్ సోర్స్ అంటాం. పత్రికే వాళ్ళ రిపాజిటరీ.

గేర్లు బాగా పనిచేశాయి, అందరూ వాడారు అని ఇక్కడ రాసెయ్యొచ్చు. అలా జరగలేదు. ఇందులో నాకు ఎక్కువ నచ్చిన భాగం కూడా ఇదే.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో సైకిల్ అంటే ఆన్రీ దెగ్రాంజ్ మాటే మాట. 1893లో గంటకి 35 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి మొదటి అధికారిక గంట రికార్డు పెట్టినవాడు. తర్వాత పత్రికాధిపతి. ఆయన పత్రికే 1903లో టూర్ ద ఫ్రాన్స్ పోటీ మొదలుపెట్టింది. ఆయన దృష్టిలో సైకిల్ పోటీ అంటే కండబలానికి పరీక్ష. గేర్లు మార్చుకోవడం నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళ పని అని ఆయన తేల్చేశారు. కుర్రాళ్ళు కండరాలతోనే గెలవాలి, యంత్రం తెలివితో కాదని ఆయన వాదన. కొండవీడు కింద నేను మా వాళ్ళని ఏడిపించిన మాటా సరిగ్గా అదే. 1902లో ఒక పెద్దమనిషి అన్నాడని తెలీకుండానే నేనూ అన్నాను.

విచిత్రం చూడండి, ఆ మొట్టమొదటి టూర్‌లోనే రెండో అంచె లియోన్ నుంచి మార్సెయ్‌కి వెలోసియో అడవి దారి మీదుగానే వెళ్ళింది. పైపువాడు దాటిపోయిన అదే కనుమని దేశంలోని గొప్ప పోటీదారులు ఒక్క గేరుతో ఎక్కారు. మరుసటి ఏడాది 1904లో అయితే అదే కనుమ దగ్గర చీకట్లో స్థానిక అభిమానులు తమ ఊరి కుర్రాడికి దారి ఇచ్చి, వెనక వస్తున్న వాళ్ళని కర్రలతో కొట్టారు. చివరికి నిర్వాహకులు పిస్తోలు పేల్చి జనాన్ని చెదరగొట్టాల్సి వచ్చింది. మన ఊళ్ళలో ఎడ్ల పందేల దగ్గర జరిగే గొడవలు దీని ముందు చాలా మర్యాదగా అనిపిస్తాయి.

టూర్‌లో డిరైలర్‌కి అనుమతి 1937లో గానీ రాలేదు. అప్పటిదాకా వాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసా? వెనక చక్రానికి రెండు వైపులా రెండు సైజుల పళ్ళచక్రాలు పెట్టుకునేవాళ్ళు. పెద్ద కొండ కింద ఆగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించి, మళ్ళీ ఎక్కడం. పైన మళ్ళీ అదే పని. ఆల్ప్స్ చలిలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే. పక్క ఊళ్ళో గుమాస్తాలు, టీచర్లు ఆదివారం షికారుకి గేర్ల సైకిల్ మీద వెళ్తున్న కాలంలో, దేశంలోకెల్లా గొప్ప సైక్లిస్టులు ఇలా స్పానర్లు పట్టుకుని కూర్చున్నారు.

వెలోసియో ఈ గొడవలో చేసింది అరవడం కాదు, తొక్కడం. ఆయన పోటీల మనిషి కాదు. గెలవడానికి కాకుండా చూడటానికి తొక్కే సైక్లింగ్‌కి సైక్లోటూరిజం అన్న మాట ఆయనే వాడుకలోకి తెచ్చారంటారు. యాభై దాటాక కూడా రాత్రీ పగలూ కలిపి ఆగకుండా పెద్ద పెద్ద దూరాలు తొక్కేవారు. ప్రతి ఈస్టర్‌కీ కొంతమందిని వెంటబెట్టుకుని సెంట్ ఎటియెన్ నుంచి ప్రోవాన్స్‌కి, అంటే దాదాపు తన పుట్టింటికి, బయల్దేరేవారు. ముందు అడవి ఎక్కడం. అవతల దిగితే రోన్ లోయ. ఆ లోయలో మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి వీస్తుంది, దక్షిణంగా వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు ఉంటుందట. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అదే గాలి ఎదురు. ఏప్రిల్ సాయంత్రాల్లో కృష్ణ కరకట్ట మీద తొక్కినవాళ్ళకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. పైన కనుమ దగ్గర చలి ఇంకా వదలకపోయినా నాలుగైదు గంటల్లో బాదం చెట్లు, ఆలివ్ తోటలు ఉన్న వేరే దేశంలోకి దిగినట్టు ఉండేదని ఊహిస్తున్నా. ఈస్టర్‌కి ప్రోవాన్స్‌లో సైక్లిస్టులు కలుసుకునే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది.

ఆయన సైక్లిస్టులకి ఏడు నియమాలు రాసిపెట్టారు. ఏడింటినీ నా మాటల్లో చెప్తా. తక్కువసార్లు ఆగు, ఆగినా ఎక్కువసేపు ఆగకు, ఊపు పోతుంది. ఆకలి వెయ్యకముందే కొంచెం కొంచెం తిను, దాహం వెయ్యకముందే తాగు. తిండి సయించనంత, నిద్ర పట్టనంత అలసట తెచ్చుకోకు. చలి పుట్టకముందే కప్పుకో, ఉక్క పుట్టకముందే విప్పు, ఎండకీ వానకీ భయపడకు. దారిలో ఉన్నంతసేపైనా మాంసం, మద్యం, పొగ వద్దు. నీ శక్తికి మించి బలవంతంగా తొక్కకు, ముఖ్యంగా మొదటి గంటల్లో. ఇక ఏడోది: గొప్ప కోసం తొక్కకు.

ఐదోది చదివితే నవ్వొచ్చింది. ఆయన శాకాహారి, కాబట్టి మాంసం మాట సరే. పొగ సంగతి దగ్గర మాత్రం ఆ పైపు కుర్రాడి మీద కసి ఇంకా పోలేదేమో అనిపించింది. ఏడోది చదివినప్పుడు నవ్వు రాలేదు. పైన కొండవీడు పేరా మళ్ళీ చదవండి, ఎందుకో తెలుస్తుంది.

అదే రాత్రి తాతయ్యని అడిగాను, నువ్వు ఎత్తు దారుల్లో ఎలా తొక్కేవాడివి అని. ఆయన నన్ను వింతగా చూశాడు. తొక్కడం ఏంట్రా, దిగి నడిపించేవాణ్ణి అన్నాడు. సైకిల్ వెనక మిరపకాయల టిక్కీ కట్టి ఉండేదట. దిగి తోసుకుంటూ వెళ్ళడం ఆయనకి ఎప్పుడూ సిగ్గుగా అనిపించలేదు. ఎవరు చూస్తారని గానీ, ఎవడు దాటిపోయాడని గానీ ఆయనకి ఆలోచనే రాలేదు. ఏడో నియమం ఆయన ఎక్కడా చదవలేదు.

వెలోసియో గురించి చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఎస్పెరాంటో అనే కృత్రిమ భాష నేర్చుకుని దాని ప్రచారం కూడా చేసేవారు. మోకాళ్ళ దాకా ప్యాంటు, తలకి టోపీ, తెల్ల మీసం, ఫొటోల్లో మన పాత స్కూల్ హెడ్మాస్టర్లలా ఉంటారు. 1920ల నుంచి ఏటా ఒకరోజు ఆయన పేరు మీద సైక్లిస్టులందరూ చేరి గ్రాన్ బువా కనుమ ఎక్కడం మొదలుపెట్టారు. ఆయన బతికుండగానే. పోటీదారులే కాదు, పిల్లలు, ముసలివాళ్ళు, ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిళ్ళ మీద దంపతులు కూడా. ఆ రోజు ఇప్పటికీ జరుగుతుంది.

1930లో, 76 ఏళ్ళ వయసులో, ఆయన సెంట్ ఎటియెన్‌లో రోడ్డు దాటుతున్నారు. సైకిల్ తొక్కడం లేదు, చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఎదురుగా వస్తున్న బండిని తప్పించుకోబోయి వెనక్కి అడుగేశారు. వెనక ట్రామ్. అన్నేళ్ళు కొండలూ చీకట్లూ ఎదుర్కొన్న మనిషి సొంత ఊరి వీధిలో అలా పోయారు. టూర్‌లో గేర్లు రావడానికి అప్పటికింకా ఏడేళ్ళుంది. ఆయన పత్రిక మాత్రం ఆయన తర్వాత కూడా దశాబ్దాలు నడిచింది. కనుమ మీద అడవిలో రోడ్డు పక్కన ఆయన స్మారకం ఉంది. ఇంటర్నెట్‌లో ఫొటో చూశాను, వెనకంతా ఫర్ చెట్లు, ముందు ఎవరిదో సైకిల్ ఆనించి ఉంది.

సంక్రాంతి సెలవుల్లో గుంటూరు వెళ్ళి సైకిల్ షాపులో 22 పళ్ళ ఫ్రీవీల్ అడిగాను. చైన్‌కి రెండు లింకులు కలపాల్సి వచ్చింది. ఈ పాత బండికి ఇదంతా ఎందుకు బాబూ, కొత్తది కొనుక్కోరాదా అన్నాడు మెకానిక్. లెక్క చూస్తే ఇప్పుడు ఒక చుట్టుకి 4.4 మీటర్లు. పెదకూరపాడు రోడ్డు మీద కాళ్ళు కొంచెం ఎక్కువ తిరుగుతున్నాయి. తాతయ్య ఒక రౌండ్ తొక్కి చూసి, బండి తేలికైందేంట్రా అన్నాడు.

మొన్న ఆదివారం మళ్ళీ కొండవీడు వెళ్ళాను. రెండు చోట్ల దిగాను. రెండోసారి దిగి తోస్తున్నప్పుడు గేర్ల సైకిల్ మీద ఒక పెద్దాయన దాటిపోతూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.